కొనేవాడు సముద్రం అవతల: క్యూబాలోని ఓల్గీన్ కథ

ఓల్గీన్ కరీబియన్ దీవిలో ఉన్న ప్రావిన్సే కానీ, కరీబియన్ సముద్రం దానికి ఎక్కడా తగలదు. క్యూబా తూర్పు కొసకు దగ్గరగా, ఉత్తరపు ఒడ్డున ఉంటుంది. దాని ముందున్నది అట్లాంటిక్. వెనక గ్రాన్మా, సాంతియాగో దె క్యూబా, గ్వాంతానమో ప్రావిన్సులు గోడ కట్టినట్టు నిలబడి ఉంటాయి. ఇది వినడానికి చిన్న విషయంలా ఉన్నా, ఓల్గీన్ ఎటు చూస్తూ బతికిందో ఇందులోనే ఉంది. అది ఎప్పుడూ ఉత్తరానికే చూసింది. సరుకు కొనేవాళ్లు అటునుంచే వచ్చారు, మనుషులు వెళ్లిపోయిందీ ఎక్కువగా అటే.

పేరు సంగతి ముందే చెప్పాలి. స్పానిష్‌లో మొదట్లో వచ్చే 'హ' పలకరు. అందుకని మన పేపర్లలో హోల్గ్విన్ అని కనిపించినా, అక్కడివాళ్ల నోట అది ఓల్గీన్. ప్రావిన్స్ పేరు, రాజధాని నగరం పేరు ఒకటే. 1545లో ఇక్కడ స్థిరపడ్డ గార్సియా ఓల్గీన్ అనే స్పానిష్ అధికారి పేరు మీద ఊరికి ఆ పేరు వచ్చిందంటారు.

క్యూబాలో ప్రావిన్స్ అంటే ఎంత ఉంటుందో మనకి అందే కొలతలో చెప్పుకుందాం. ఓల్గీన్ వైశాల్యం సుమారు 9,200 చదరపు కిలోమీటర్లు. మన ఉమ్మడి కృష్ణా జిల్లా 8,727. అంటే నేల మీద ఓల్గీన్ కాస్త పెద్దది. జనం మాత్రం 2012 లెక్కల్లో 10 లక్షల 30 వేలకు పైచిలుకు. కృష్ణా జిల్లాలో 2011 నాటికే 45 లక్షలు దాటారు. నాలుగో వంతు కన్నా తక్కువ మంది ఉన్నా, హవానా, సాంతియాగోల తర్వాత క్యూబాలో ఎక్కువ జనం ఉన్న ప్రావిన్స్ ఇదే. 1976 వరకు దీనికి విడిగా ఉనికి లేదు. తూర్పు క్యూబా అంతా ఒరియెంతె అనే ఒకే పెద్ద ప్రావిన్స్‌గా ఉండేది. ఆ ఏడాది దాన్ని ఐదు ముక్కలు చేశారు. ఒక ముక్క ఓల్గీన్, అందులో 14 మునిసిపాలిటీలు. అక్కడ మునిసిపాలిటీ అంటే పట్టణం ఒక్కటే కాదు, చుట్టుపక్కల పల్లెలు కూడా కలిపి. మన మండలాలు కొన్ని కలిపితే ఎంతో అంత అనుకోవచ్చు.

ఇక్కడి పరిశ్రమల జాబితా రాయమంటే రెండు నిమిషాల పని. నికెల్, కోబాల్ట్, చక్కెర, బీరు, టూరిజం, కరెంటు. కానీ ఆ జాబితా ఎంతసేపు చూసినా ఒక ప్రశ్నకు జవాబు దొరకదు. ప్రపంచంలో ఎన్నదగ్గ నికెల్, కోబాల్ట్ నిల్వలున్న చోట, ఒకప్పుడు లక్షల టన్నుల చక్కెర ఆడిన చోట, ఇవాళ కుర్రాళ్లు సూట్‌కేసు సర్దుకుని ఎందుకు వెళ్లిపోతున్నారు? నాకు అర్థమైనంతలో జవాబు మట్టి దగ్గర మొదలవుతుంది. ఇక్కడ మూడు రకాల నేలలున్నాయి. ఒక్కో నేలకీ ఒక్కో పంట, ఆ పంటకి సముద్రం అవతల ఒక్కో కొనుగోలుదారు. కొనేవాడు వచ్చినప్పుడు ఊళ్లు లేచాయి. వాడు మారినప్పుడల్లా జనం కదిలారు.

ముందు నేల చూద్దాం. పడమర నుంచి మధ్య దాకా మైదానం, అక్కడక్కడా సున్నపురాతి గుట్టలు. ఓల్గీన్ నగరం ఈ మైదానంలోనే ఉంది. ఊరి పక్కనే లోమా దె లా క్రూస్ అని ఒక కొండ, దాని మీద శిలువ, ఎక్కడానికి సుమారు 460 మెట్లు. మే నెల మొదట్లో జరిగే ఉత్సవంలో జనం ఊరేగింపుగా ఆ మెట్లెక్కుతారు. తూర్పుకి వెళ్లేకొద్దీ నేల పైకి లేస్తుంది. నీపే కొండలు, తర్వాత క్రిస్తాల్ కొండలు, వాటిలో పీకో క్రిస్తాల్ శిఖరం 1,231 మీటర్లు. ఈ కొండల మీద పైన్ అడవులు, కింద ఎర్రటి మట్టి. కొండలకీ మైదానానికీ మధ్య నీపే అఖాతం. లోపలికి వచ్చే దారి ఇరుకు, లోపల విశాలం. బుడ్డి మూతిలా ఉన్న ఇలాంటి అఖాతాలు క్యూబా తీరంలో చాలా ఉన్నాయి, పెద్ద వాటిలో ఇదొకటి. బయట తుపాను ఉన్నా లోపల ఓడ నిలబడగలదు. ఈ ప్రావిన్స్ చరిత్రలో సగం ఈ నీళ్ల ఒడ్డునే జరిగింది. క్యూబా అంతా కొలిచే ఎల్ కోబ్రె మేరీమాత విగ్రహం కూడా 1612 ప్రాంతంలో ఈ అఖాతంలోనే, ఉప్పు కోసం పడవలో వెళ్తున్న ముగ్గురికి నీళ్ల మీద తేలుతూ కనిపించిందని అక్కడి నమ్మకం. ఆ ముగ్గురిలో ఇద్దరు స్థానిక తెగవాళ్లు, ఒకడు ఆఫ్రికన్ కుర్రాడు.

కొలంబస్ కూడా ఈ తీరానికే వచ్చాడు. 1492 అక్టోబర్ 28న అతను క్యూబాలో మొదట అడుగుపెట్టిన చోటు బరియాయ్ అని చరిత్రకారులు ఒప్పుకుంటారు. అది ఇవాళ్టి ఓల్గీన్ ప్రావిన్స్‌లోనే ఉంది. తాను ఆసియా చేరానని, లోపల ఎక్కడో చైనా చక్రవర్తి దర్బారు ఉంటుందని అతని లెక్క. ఇద్దరు మనుషుల్ని లోపలికి పంపాడు. వాళ్లలో లూయిస్ దె తొర్రెస్‌కి హీబ్రూ, అరబిక్ వచ్చు, దర్బారులో మాట్లాడతాడని. వాళ్లకి చక్రవర్తి కనబడలేదు. చుట్టిన ఆకులు కాల్చి పొగ పీలుస్తున్న మనుషులు కనబడ్డారు. యూరప్‌వాళ్లు పొగాకు తాగడం చూసిన తొలి సందర్భాల్లో ఇదొకటి. ఒంగోలు, గుంటూరు వైపు బ్యారన్లలో ఎండే పొగాకు మన నేలకి చేరిన దారి వెనక్కి పట్టుకుని వెళ్తే, ఇలాంటి తీరాల దగ్గరే తేలుతాం.

ఆ పొగ తాగినవాళ్లు టైనో తెగ. బానెస్ దగ్గర చొర్రో దె మైతా అనే చోట వాళ్ల శ్మశానం బయటపడింది, వందకు పైగా అస్థిపంజరాలతో. స్పెయిన్ వచ్చాక రోగాలు, వెట్టిచాకిరీ కలిసి కొన్ని దశాబ్దాల్లోనే వాళ్లలో ఎక్కువమందిని తుడిచిపెట్టాయి. మిగిలినవాళ్లు కొత్తవాళ్లలో కలిసిపోయారు. తూర్పు క్యూబా పల్లెల్లో ఆ రక్తం, ఆ మాటలు ఇంకా ఉన్నాయి. హరికేన్ అనే మాట కూడా టైనోలదే.

చెరుకు దగ్గరికి వద్దాం. పడమర క్యూబాలో చక్కెర ముందే విస్తరించింది. తూర్పున మాత్రం 19వ శతాబ్దం చివర్లో స్వాతంత్ర్య యుద్ధాలు జరిగాయి, పొలాలు తగలబడ్డాయి, భూములు చవకగా పడి ఉన్నాయి. 1898లో స్పెయిన్ పోయి అమెరికా వచ్చాక పెద్ద డబ్బు ఇటు దిగింది. అందులో పెద్దది యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ. బానెస్ చుట్టూ, నీపే అఖాతం చుట్టూ లెక్కలేనంత భూమి కొంది. మొదట అరటి, తర్వాత చెరుకు. రెండు మిల్లులు కట్టింది, ఒకటి బోస్టన్, ఇంకోటి ప్రెస్టన్. సొంత రైలు పట్టాలు, సొంత రేవు, సొంత దుకాణాలు, అమెరికన్ ఉద్యోగులకి వరండాలున్న చెక్క ఇళ్ల కాలనీ. కంపెనీ లేకుండా ఆ ఊళ్లో సబ్బు ముక్క కూడా దొరకనంతగా ఉండేది.

చెరుకు తెలిసినవాళ్లకి ఒక విషయం విడమరిచి చెప్పక్కర్లేదు. నరికిన చెరుకు ఆగదు. ఒకటి రెండు రోజుల్లో గానుగలో పడకపోతే రసం పాడవుతుంది, పంచదార శాతం పడిపోతుంది. అందుకే క్రషింగ్ నడిచే నాలుగైదు నెలలు వేల చేతులు ఒక్కసారే కావాలి. మిగిలిన నెలలు ఎవరూ అక్కర్లేదు. ఆ ఖాళీ నెలల్ని క్యూబాలో 'చచ్చిన కాలం' అనేవాళ్లు. ఉన్న అప్పు మీద కొత్త అప్పు చేసి, కంపెనీ దుకాణంలో ఖాతా రాయించుకుని బతికేవాళ్లు. చక్కెర ఎంత తియ్యనిదో దాన్ని పండించిన ఏడాది అంత చేదుగా ఉండేది.

ఈ నాలుగైదు నెలల చేతుల కోసమే ఓల్గీన్ జనాభా స్వరూపం మారింది. 1913లో నీపే బే అనే చక్కెర కంపెనీకి వెయ్యిమంది కూలీల్ని పక్క దీవుల నుంచి తెచ్చుకోవడానికి క్యూబా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఆ వెయ్యితో తలుపు తెరుచుకుంది. తర్వాతి ఇరవై ఏళ్లలో హైతీ, జమైకాల నుంచి కూలీలు లక్షల్లో తూర్పు క్యూబాకి వచ్చారు. హైతీవాళ్లు ఎక్కువగా చెరుకు నరికేవాళ్లు. జమైకావాళ్లకి ఇంగ్లిష్ వచ్చు కాబట్టి కొందరికి మిల్లులో, అమెరికన్ల ఇళ్లలో పని దొరికేది. 1930ల్లో చక్కెర ధర పడిపోయింది. అప్పుడు అదే ప్రభుత్వం వేలమంది హైతీవాళ్లని ఓడలెక్కించి వెనక్కి పంపింది. పంపగా మిగిలినవాళ్లు కొండల్లోకి, పల్లెల్లోకి చెదిరిపోయి అక్కడివాళ్లయిపోయారు. క్యూబాలో స్పానిష్ తర్వాత ఎక్కువగా వినిపించే భాష హైతీ క్రియోల్ కావడానికి కారణం ఇదే.

బానెస్ దగ్గర ఒక పేద కూలి కుటుంబంలో 1901లో ఫుల్హెన్సియో బతిస్తా పుట్టాడు. చిన్నప్పుడు చెరుకు తోటల్లో పనిచేశాడు, తర్వాత సైన్యంలో చేరాడు, చివరికి క్యూబా నియంత అయ్యాడు. తర్వాత విప్లవంతో ఆ బతిస్తాని కూల్చిన ఫిదెల్ కాస్త్రో, అక్కడికి పెద్ద దూరం లేని బిరాన్‌లో 1926లో పుట్టాడు. తండ్రి ఆంహెల్ స్పెయిన్‌లోని గలీసియా నుంచి వచ్చినవాడు. యునైటెడ్ ఫ్రూట్ దగ్గర భూమి కౌలుకి తీసుకుని చెరుకు పండించి పెద్ద రైతయ్యాడు. ఆయన పొలంలో హైతీ కూలీలు ఉండేవాళ్లు. ఫిదెల్ మొదటి పెళ్లి కూడా 1948లో బానెస్‌లోనే జరిగింది. కూల్చినవాడూ కూలినవాడూ ఒకే కంపెనీ చెరుకు నీడలో పెరిగారు. క్యూబా విప్లవాన్ని హవానా నుంచి చూసే పుస్తకాలు చాలా వచ్చాయి. నాకైతే దాన్ని బానెస్, బిరాన్ మధ్య దారిలో నిలబడి చూస్తేనే ఎక్కువ అర్థమైంది.

1960లో మిల్లులు జాతీయం అయ్యాయి. ప్రెస్టన్‌కి గ్వాతెమాలా అని, బోస్టన్‌కి నికరాగువా అని పేర్లు మార్చారు. అమెరికా చక్కెర కొనడం ఆపేసింది, సోవియట్ యూనియన్ కొనడం మొదలుపెట్టింది, అదీ బయటి మార్కెట్ కన్నా మంచి ధరకి. ముప్ఫై ఏళ్లు ఆ ధర మీద బతికారు. ఓల్గీన్ నగరంలో సోవియట్ సాయంతో 1977లో చెరుకు కోసే యంత్రాల ఫ్యాక్టరీ పెట్టారు. కత్తి పట్టే చేతి పని తగ్గింది, చచ్చిన కాలం అన్న మాటకీ కాలం చెల్లింది. అది నిజమైన మేలు, దాన్ని తక్కువ చేయకూడదు. కానీ పంట ఒకటే, కొనేవాడు ఒకడే అన్న మూల సమస్య అలాగే ఉండిపోయింది. 1991లో సోవియట్ యూనియన్ పడిపోయింది. డీజిల్ లేదు, ఎరువు లేదు, యంత్రాలకి విడిభాగాలు లేవు. 2002లో దేశంలోని మిల్లుల్లో సగం దాకా మూసేశారు. ఓల్గీన్‌లోనూ ఒక్కో పొగగొట్టం ఆగింది. 1989లో 80 లక్షల టన్నుల చక్కెర చేసిన దేశం, 2023 వచ్చేసరికి 4 లక్షల టన్నులు కూడా చేయలేక బయట నుంచి పంచదార కొనుక్కుంటోంది.

ఇక ఎర్రమట్టి. ఇది కొంచెం నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఓల్గీన్‌ని ఇవాళ ప్రపంచానికి కలిపే దారం ఇదే.

మోవా, నికారో, మయరీ కొండల కింద ఉన్న రాయి మామూలు రాయి కాదు. కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున ఉండి, భూమి పలకలు గుద్దుకున్నప్పుడు పైకి లేచినది. అందులో మెగ్నీషియం, ఇనుము ఎక్కువ, నికెల్ కొద్దిగా. దాని మీద లక్షల ఏళ్లు వేడి, వాన పడ్డాయి. వాననీళ్లు మెగ్నీషియాన్ని, సిలికాని కరిగించి పట్టుకుపోయాయి. కరగని ఇనుము, దానితో పాటు నికెల్, కోబాల్ట్ పైపొరల్లో పేరుకుపోయాయి. దీన్నే లేటరైట్ అంటారు. జహీరాబాద్ వైపు ఇటుకల్లా కోసి ఇళ్లకి వాడే ఎర్ర రాయి కూడా లేటరైటే. మన విశాఖ మన్యం కొండల మీది బాక్సైట్ కూడా ఇలాంటి కడుగుడు వల్లే ఏర్పడింది. అసలు రాయి వేరు కాబట్టి అక్కడ అల్యూమినియం మిగిలింది, మోవాలో నికెల్ మిగిలింది.

మోవా మట్టి వంద కిలోలు తీసుకుంటే అందులో నికెల్ కిలో అటూ ఇటూ ఉంటుంది. కోబాల్ట్ వంద గ్రాముల చిల్లర. దీన్ని రాబట్టడానికి మట్టిని నీళ్లతో కలిపి పల్చటి బురద చేస్తారు. నిలువుగా ఉండే పెద్ద ఉక్కు పాత్రల్లోకి పంపి సల్ఫ్యూరిక్ ఆమ్లం కలుపుతారు. లోపల వేడి 240 డిగ్రీలు దాటుతుంది. మన ప్రెషర్ కుక్కర్‌లో ఒత్తిడి బయటి గాలికి రెట్టింపు అయితే, ఇక్కడ నలభై రెట్ల దాకా ఉంటుంది. ఆ వేడిలో నికెల్, కోబాల్ట్ ఆమ్లంలోకి దిగిపోతాయి, ఇనుము మాత్రం అడుగున ఎర్రటి మడ్డిలా మిగిలిపోతుంది. తర్వాత హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పంపితే నల్లటి పొడి దిగుతుంది. అందులో సగానికి పైగా నికెల్, ఐదారు శాతం కోబాల్ట్. లేటరైట్ మీద ఈ పద్ధతిని ప్రపంచంలో మొదట పెద్ద ఎత్తున వాడింది మోవాలోనే, 1959లో. ఇవాళ బ్యాటరీల కోసం ఇండోనేషియాలో కొత్తగా కడుతున్న ఎన్నో ప్లాంట్లది ఇదే పద్ధతి.

ఇప్పుడు కొనేవాళ్ల వరస చూడండి. 20వ శతాబ్దం మొదట్లో ఒక అమెరికన్ ఉక్కు కంపెనీ మయరీ కొండల్లో ఇనుప ఖనిజం తవ్వింది. ఆ ఇనుములో సహజంగానే నికెల్, క్రోమియం ఉండటంతో దానితో చేసిన ఉక్కుకి 'మయరీ స్టీల్' అని పేరొచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో నికెల్ అవసరం పడి అమెరికా ప్రభుత్వం నికారోలో ప్లాంటు కట్టించింది, 1943లో అది మొదలైంది. యుద్ధం అయిపోయింది, 1947లో మూసేశారు. కొరియా యుద్ధం వచ్చింది, 1952లో మళ్లీ తెరిచారు. నికారోలో ఒక మనిషికి ఉద్యోగం ఉంటుందా లేదా అన్నది భూగోళం అవతలి యుద్ధం తేల్చింది.

మోవా ప్లాంటు కూడా అమెరికన్లదే. నల్లపొడిని లూసియానాకి పంపి అక్కడ శుద్ధి చేయాలని కట్టారు. అది పూర్తయ్యేసరికి విప్లవం వచ్చింది, 1960లో జాతీయం అయింది. అమెరికన్ ఇంజినీర్లు వెళ్లిపోయారు. దాన్ని మళ్లీ నడిపించింది దెమెత్రియో ప్రెసియా అనే క్యూబా ఇంజినీరు, కొద్దిమంది పనివాళ్లతో. పొడి సోవియట్ యూనియన్‌కి వెళ్లడం మొదలైంది. 1980ల్లో సోవియట్ సాయంతో పుంతా గోర్దాలో చె గువేరా పేరుతో ఇంకో ప్లాంటు వచ్చింది. 1991 తర్వాత మళ్లీ కొనేవాడు లేడు. 1994లో కెనడా కంపెనీ షెర్రిట్ వచ్చి మోవా ప్లాంటులో సగం వాటా తీసుకుంది. అప్పటి నుంచి ఆ నల్లపొడి ఓడలో కెనడా తూర్పు తీరానికి, అక్కడి నుంచి రైల్లో ఆల్బర్టాలోని ఫోర్ట్ సస్కాచెవాన్‌కి పోయి, అక్కడ నికెల్‌గా, కోబాల్ట్‌గా విడిపోతుంది. మోవాలో మట్టి ఉంది, ఆమ్లం ఉంది, ఎర్రటి మడ్డి ఉంది. మెరిసే లోహం మాత్రం వేల మైళ్ల అవతల పుడుతుంది.

దీనికి అమెరికా ఆంక్షలు తోడు. క్యూబా నికెల్‌నే కాదు, అది కలిసిన స్టీల్‌ని కూడా అమెరికా రానివ్వదు. క్యూబా జాతీయం చేసిన అమెరికన్ల ఆస్తుల్ని వాడుకునేవాళ్ల మీద 1996లో చేసిన హెల్మ్స్-బర్టన్ చట్టం కింద షెర్రిట్ అధికారులకి, వాళ్ల కుటుంబాలకి వీసాలు ఆపేసింది. పక్కింట్లో ఉన్న అతిపెద్ద మార్కెట్ మూసుకుపోతే సరుకు దూరం వెళ్లాలి, చవకగా వెళ్లాలి. ఇంటి లోపలి సంగతి వేరే. 2022లో క్యూబా తాను పడ్డ బాకీలో కొంత భాగాన్ని షెర్రిట్‌కి డబ్బుగా కాకుండా కోబాల్ట్‌గా కట్టే ఏర్పాటు చేసుకుంది. పండిన ధాన్యం కల్లంలోనే షావుకారుకి కొలిచిచ్చే రైతుని చూసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు.

నికారో ప్లాంటు 2012లో శాశ్వతంగా మూతపడింది. ప్లాంటు కోసమే పుట్టిన ఊరది.

ఈ ఎర్రమట్టికి ఇంకో ముఖం ఉంది. ఇందులో నికెల్ ఎక్కువ, మొక్కకి కావలసిన పోషకాలు తక్కువ. మామూలు చెట్టుకి ఇది విషం. ఇక్కడ బతకాలంటే వేరే జాతిగా మారాలి. అందుకే ఈ కొండల్లో ప్రపంచంలో ఇంకెక్కడా లేని మొక్కలు వందల్లో ఉన్నాయి. కొన్ని మొక్కలు నికెల్‌ని వదిలించుకోకుండా ఆకుల్లో దాచుకుంటాయి. అలాంటి జాతులు క్యూబాలో 130 దాకా ఉన్నాయని లెక్క. వాటిలో ఎన్నో మన ఉసిరి, నేల ఉసిరి ఉన్న ఫిల్లాంథస్ ప్రజాతివి. మన పెరటి నేల ఉసిరికి దాయాది, అక్కడ ఆకుల్లో లోహం పోగేసుకుని బతుకుతోంది. నాకు ఈ ప్రావిన్స్ మీద ఇంత ఆసక్తి పుట్టడానికి సగం కారణం ఆ మొక్కే.

తూర్పు కొసన ఓల్గీన్, గ్వాంతానమోల మీదుగా పరచుకున్న అలెహాంద్రో దె హుంబోల్ట్ నేషనల్ పార్క్‌ని 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సెంటీమీటరు పొడవుండే కప్ప అక్కడ దొరికింది. దంతపు ముక్కు వడ్రంగిపిట్ట చివరిసారి నమ్మకంగా కనిపించింది 1987లో, ఈ తూర్పు కొండల అడవుల్లోనే. చిక్కు ఏమిటంటే, అడవిని ప్రత్యేకం చేసిన మట్టీ గని యజమానికి కావలసిన మట్టీ ఒకటే. నికెల్ లోతున లేదు, పైపొరల్లోనే ఉంది. సొరంగం తవ్వి తీసేది కాదు, అడవిని కొట్టి, పైచర్మం ఒలిచినట్టు ఒలవాలి. తవ్వేసిన చోట పైన్ మొక్కలు నాటుతున్నారు. పైన్ ఒకటి నిలబడితే పచ్చగా కనిపిస్తుంది నిజమే, కానీ దాని కింద ఉండాల్సిన ఆ వందల జాతులు నాటితే వచ్చేవి కావు. మన్యంలో బాక్సైట్ గొడవ చూసినవాళ్లకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

నీళ్లదీ ఇలాంటి తిరకాసే. ఈశాన్యం నుంచి వచ్చే గాలి తూర్పు కొండల్ని తాకి అక్కడే కురిసేస్తుంది. మైదానానికి, ఓల్గీన్ నగరానికి మిగిలేది తక్కువ. జనం, పొలాలు ఉన్నవి మైదానంలో. 2004 కరవులో నగరానికి నీళ్లిచ్చే చెరువులు ఎండిపోయి ట్యాంకర్ల మీద బతికారు. అప్పటి నుంచి మయరీ, సాగ్వా నదుల నీళ్లని సొరంగాల్లో, కాలువల్లో పడమరకి తరలించే పెద్ద పథకం నడుస్తోంది. నీళ్లున్న చోటి నుంచి పొలాలున్న చోటికి నదిని లాక్కురావడం మనకి బాగా తెలిసిన కథ. ఎన్నేళ్లు పడుతుందో కూడా తెలుసు.

కరెంటు విషయానికొస్తే నీపే అఖాతం ఒడ్డున ఫెల్టన్ థర్మల్ ప్లాంటు ఉంది. 250 మెగావాట్ల యూనిట్లు రెండు, క్యూబాకి అతి ముఖ్యమైన వాటిలో ఒకటి. 2022 జూలైలో రెండో యూనిట్ అగ్నికి ఆహుతైంది. మిగిలిన ఒక్కటీ ఆగినప్పుడల్లా దేశమంతా తెలుస్తుంది. 2024 అక్టోబర్ నుంచి క్యూబా గ్రిడ్ మొత్తం పదేపదే కుప్పకూలింది. రోజులో సగానికి పైగా కోత ఉన్న ఊళ్లో బియ్యం ఎప్పుడు పొయ్యి మీద పెట్టాలన్నది కూడా టెన్షనే.

మూడో నేల తెల్లని ఇసుక. గ్వర్దలవాకా, ఎస్మెరాల్దా, పెస్కేరో బీచ్‌లు. చక్కెర పోయాక డాలర్ల కోసం ప్రభుత్వం ఇక్కడ పెద్ద హోటళ్లు కట్టించింది. చలికాలంలో కెనడా నుంచి ఛార్టర్ విమానాలు నేరుగా ఓల్గీన్‌లో దిగేవి. ఇది ఎక్కువ చెప్పాల్సిన కథ కాదు, ఇలాంటివి కరీబియన్ అంతా ఉన్నాయి. ఒక్క మాట మాత్రం ఉంది. డాక్టరు జీతం కన్నా హోటల్లో టిప్పు ఎక్కువ వచ్చే చోట, చదువుకున్నవాళ్లు ట్రే పట్టుకుంటారు. కోవిడ్ తర్వాత ఆ విమానాలూ పలచబడ్డాయి.

బయటి కొనుగోలుదారు కోసం కాకుండా తమకోసం చేసుకున్నవీ ఇక్కడ ఉన్నాయి. దేశమంతా తాగే క్రిస్తాల్, బుకనేరో బీర్లు ఓల్గీన్ నగరంలోనే తయారవుతాయి. అంతకన్నా నాకు నచ్చేది చేతి ఆర్గన్లు. ఒక మనిషి నిలువెత్తు చెక్కపెట్టె, పక్కన తిప్పే చక్రం. చిల్లులు పొడిచిన అట్టని మడతలు మడతలుగా లోపలికి పంపుతూ చక్రం తిప్పుతుంటే పాట వస్తుంది. ఒకరు తిప్పుతారు, ఇద్దరు ముగ్గురు డప్పు, గీరే వాయిద్యం పట్టుకుంటారు. యూరప్ నుంచి వచ్చిన పెట్టెను తూర్పు క్యూబావాళ్లు తమ ఊరి వీధి నాట్యానికి మార్చుకున్నారు. ఓల్గీన్‌లో వీటిని ఇంకా తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ ఉంది. కొత్త పాట కావాలంటే ఎవరో ఒకరు కూర్చుని అట్ట మీద ఒక్కో చిల్లు గుర్తుపెట్టి కొట్టాలి.

చివరికి జనం. క్యూబాలో 1978 నుంచే ఒక్కో తల్లికి పుట్టే పిల్లల సగటు రెండుకి దిగింది. అందరికీ చదువు, వైద్యం, ఆడవాళ్లకి ఉద్యోగాలు వచ్చిన దేశంలో అది సహజం. ఇవాళ నలుగురిలో ఒకరు అరవై దాటినవాళ్లు. దాని మీద వలస పడింది. 2020 చివరికి కోటీ 11 లక్షలకు పైగా ఉన్న దేశ జనాభా 2024 చివరికి 97 లక్షల చిల్లరకి వచ్చిందని ప్రభుత్వమే చెప్పింది. నాలుగేళ్లలో పదిమందిలో ఒకరికి పైగా. ఓల్గీన్ ఇందుకు మినహాయింపు కాదు. మోవాని చూస్తే ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. 1940ల్లో అది కర్ర కోసుకునే చిన్న ఊరు. నికెల్ కోసం దేశం నలుమూలల నుంచి కుర్రాళ్లు వచ్చి పట్టణం చేశారు. గనులు, లోహాల చదువు కోసమే 1976లో అక్కడ ఒక ఉన్నత విద్యాసంస్థ పెట్టారు. ఇప్పుడు అక్కడ చదివిన ఇంజినీరు నైపుణ్యానికి బయట గిరాకీ ఉంది. మట్టి ఎటు పోయిందో, దాన్ని కరిగించే చదువూ అటే పోతోంది.

మోవాకి కాస్త పడమరగా ఫ్రాంక్ పాయిస్ మునిసిపాలిటీలో కాయో మాంబీ అనే చక్కెర ఊరుంది. జమైకా నుంచి వచ్చిన చాప్‌మన్ కుటుంబం అక్కడ స్థిరపడింది. మనవడు అరోల్దిస్ బేస్‌బాల్ నేర్చుకున్నాడు, ఓల్గీన్ జట్టుకి ఆడాడు. 2009లో క్యూబా జట్టుతో నెదర్లాండ్స్ వెళ్లినప్పుడు హోటల్లోంచి బయటికి నడిచి, వేచి ఉన్న కారెక్కి వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది అమెరికా లీగ్‌లో గంటకి 169 కిలోమీటర్ల వేగంతో బంతి విసిరాడు. అంతకన్నా వేగంగా విసిరిన బంతి అక్కడ ఇప్పటికీ నమోదు కాలేదు. తాత చెరుకు కాలంలో దక్షిణాన ఉన్న దీవి నుంచి ఈ ఒడ్డుకి వచ్చిన తరం మనిషి. మనవడు ఉత్తరానికి వెళ్లాడు.